నీ నాలుగు ఊళ్లూ రేవు పట్టణాలే, తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సొంతూరు కాకినాడ, ఉద్యోగం హైదరాబాదులో, వయసు 34. ఒకటో తరగతి చదివే ఆరేళ్ల పాప. మీ ఆవిడ డెంటిస్టు. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉన్నారు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో మ్యాపు తెరిచి లిస్బన్, వాంకూవర్, వెల్లింగ్టన్, టాలిన్ వీధుల్లో తిరుగుతున్నానని రాశావు. అద్దెలు చూడటం, బడులు చూడటం, ఇల్లు ఎటువైపు ఉంటే ఎండ వస్తుందో లెక్క వేయడం, ఇలా ఒక్కో రాత్రి ఒంటిగంట దాటుతోందన్నావు. "ఇది జబ్బా, ప్లానా? ప్రపంచంలో మేము ఇంకెక్కడ బతకగలం అక్కా?" అని అడిగావు. అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను.

మాదీ కాకినాడే. 1999 నుంచి 2011 దాకా మస్కట్‌లో ఉన్నాం, 2012 నుంచి 2022 దాకా జర్మనీలో న్యూరెంబర్గ్‌లో. మొదటిది మావారి ఉద్యోగం మీద, రెండోది నా ఉద్యోగం మీద. ఇప్పుడు మళ్లీ కాకినాడలో ఉంటున్నాం. ఈ రెండు చోట్లే నాకు లోపలి నుంచి తెలుసు. మిగతావి మా బంధువులు, కలిసి పనిచేసినవాళ్లు ఉండగా చూసినవీ, వాళ్లకి కాగితాల పనిలో సాయం చేస్తూ నేర్చుకున్నవీ.

జబ్బు మాత్రం కాదు. గోదావరి జిల్లాలవాడు సముద్రం అవతలి ఊరి గురించి రాత్రిళ్లు ఆలోచించడం కొత్త సంగతేం కాదు. మా నాయనమ్మ రంగూన్‌ని "రంగం" అనేది. వాళ్ల చిన్నాన్న రంగం వెళ్లి బియ్యపు మిల్లులో పనిచేశాడు. 1942లో జపాన్ వాళ్లు వచ్చిపడితే అడవుల్లోంచి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. దానికి వందేళ్ల ముందే, 1843లో, మన పక్కనున్న కోరంగి పేరు పెట్టుకున్న ఓడ, కోరంగి ప్యాకెట్, తెలుగువాళ్లని మారిషస్ చేర్చింది. అక్కడా, బర్మాలోనూ తెలుగువాడికి "కోరంగీ" అనేదే పేరైపోయింది. వాళ్లు ఆకలికి వెళ్లారు, కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లారు. మనం మెత్తటి పరుపు మీద పడుకుని ఊళ్లు ఎంచుకుంటున్నాం. రెండూ ఒకటే అనడం వాళ్లకి అన్యాయం. అయినా ఆ రేవు గాలి పీల్చి పెరిగినవాడికి దూరపు ఊరి పేరు వినగానే మనసు అటు లాగడం నాకు అర్థమవుతుంది.

నువ్వు గమనించావో లేదో, నీ నాలుగు ఊళ్లూ రేవు పట్టణాలే. లిస్బన్ దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. వాంకూవర్, వెల్లింగ్టన్‌లకి పేరు తెచ్చిందే ఓడరేవు. టాలిన్ బాల్టిక్ ఒడ్డున ఉంది. ఐటీ ఉద్యోగాలు ఎక్కువున్న మ్యూనిక్ రాయలేదు, మాడ్రిడ్ రాయలేదు. కొండాపూర్‌లో పదో అంతస్తులో ఉంటూ వరసగా నాలుగు సముద్రాలు రాశావు. దానికి తోడు ఇంకో మాట కూడా అన్నావు: "ఊహలో ఎప్పుడూ సాయంత్రమే అక్కా, పాప చెయ్యి పట్టుకుని నీళ్ల పక్కన నడుస్తుంటాను." నీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. నువ్వు వెతుకుతున్నది ఒక దేశాన్ని అనుకుంటున్నావు. నాకైతే నువ్వు రోజులో ఒక గంటని వెతుకుతున్నట్టు అనిపించింది. ఆరింటికి ఇంటికి రావాలి, నడవడానికి బాట ఉండాలి, పక్కన నీళ్లు ఉండాలి, పాప ఇంకా చెయ్యి పట్టుకునే వయసులోనే ఉండాలి.

ఆ గంట నాకు న్యూరెంబర్గ్‌లో దొరికింది. అందుకే దాని ధర కూడా చెప్పగలను.

పెగ్నిట్స్ నది ఊరి మధ్య నుంచి పోతుంది. తూర్పున దానికి అడ్డుకట్ట కట్టి పెద్ద చెరువు చేశారు, చుట్టూ కాలిబాట. నాలుగున్నరకి ఆఫీసు వదిలితే ఐదింటికి చెరువు గట్టున ఉండేదాన్ని. ఆరు దాటాక ఆఫీసు నుంచి ఫోను వచ్చేది కాదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. బాబు సైకిల్ తొక్కేవాడు, మేమిద్దరం వెనక నడిచేవాళ్లం. దారిలో మిగతా జనమూ అలాగే నడుస్తుండేవారు, ఎవరికీ తొందర లేదు. నువ్వు రాత్రిళ్లు చూస్తున్నది దీన్నే. ఇది నిజంగానే ఉంది తమ్ముడూ, వీడియోల వాళ్లు కల్పించింది కాదు.

అదే చెరువు గట్టు డిసెంబరులో వేరు. పొద్దున్న ఎనిమిదింటికి తెల్లారుతుంది, సాయంత్రం నాలుగుంబావుకి చీకటి పడుతుంది. ఆఫీసుకి వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. మొదటి ఏడాది జనవరి నెలాఖరుకి నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు, ఆదివారం మంచం దిగలేకపోయేదాన్ని. బెంగ అనుకున్నాను. డాక్టరు విటమిన్ డి పరీక్ష చేయించి మాత్రలు రాసింది, "మధ్యాహ్నం భోజనం వేళ ఇరవై నిమిషాలు బయట నడవండి, మబ్బుగా ఉన్నా సరే" అంది. రెండో ఏడాది నుంచి తట్టుకున్నాను. మావారు పదేళ్లున్నా తట్టుకోలేకపోయారు. ఒకే ఇంట్లో ఒకే చలి ఇద్దరికీ ఒకలా ఉండదు. న్యూరెంబర్గ్ 49 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. నీ టాలిన్ 59 మీద. అక్కడ డిసెంబరులో పగలు ఆరు గంటలే.

మస్కట్‌లో ఉన్నప్పుడు నా కల సలాలా. మస్కట్‌కి దక్షిణాన వెయ్యి కిలోమీటర్లు. 2005 ఆగస్టులో కారులో వెళ్లాం. మస్కట్‌లో నలభై మూడు డిగ్రీలు, సలాలాలో ఇరవై ఐదు, పైగా సన్నటి జల్లు. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా అక్కడ రుతుపవనం తగులుతుంది, ఖరీఫ్ అంటారు. కొండలు పచ్చగా ఉన్నాయి. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి చెట్లు, అరటి తోటలు. పాకల్లో గెలలు వేలాడదీసి కొబ్బరి బొండాలు కొట్టి ఇస్తున్నారు. ఎడారి దేశంలో అంబాజీపేట రోడ్డు మీద ఉన్నట్టే ఉంది. బొండం చేత్తో పట్టుకుని నిలబడి ఏడ్చేశాను. ఆ రాత్రి నుంచి మూడేళ్లు నేను మనసులో సలాలాలోనే కాపురం ఉన్నాను. ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలో, పెరట్లో ఏం నాటాలో అన్నీ అనుకున్నాను. 2008 ఏప్రిల్‌లో మావారికి అక్కడ పది రోజుల పని పడితే వెంట వెళ్లాను. అవే కొండలు గోధుమరంగులో, ఎండి, రాళ్లు తేలి ఉన్నాయి. పాకల్లో సగం మూసేశారు. ఊరు అందంగానే ఉంది, కానీ నేను మూడేళ్లు కాపురం చేసిన ఊరు అది కాదు. అందుకే నన్ను అడిగిన ప్రతివాళ్లకీ చెబుతాను: కలగన్న ఊరికి దాని చెడ్డ నెలలో వెళ్లి చూడండి. లిస్బన్ అయితే జనవరి. అక్కడ చాలా ఇళ్లలో గదులు వెచ్చబరిచే ఏర్పాటు ఉండదు, బయట పదీ పన్నెండు డిగ్రీలే కదా అనుకుంటే ఇంట్లో గోడలు చెమ్మగిల్లి దుప్పట్లు తడిగా తగులుతాయి. వాంకూవర్ అయితే నవంబరు, వాన వదలదు. వెల్లింగ్టన్ అయితే చలిగాలి తిరిగే జూలై. న్యూజిలాండ్‌లో పాత చెక్క ఇళ్లు ఎంత చలిగా ఉండేవంటే, అద్దె ఇంటి ముందుగది 18 డిగ్రీలకి వేడెక్కేలా హీటరు పెట్టాలని యజమానులకి ప్రభుత్వమే నిబంధన పెట్టాల్సి వచ్చింది.

అద్దె ఇల్లు అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. న్యూరెంబర్గ్‌లో మా ఫ్లాట్ తాళం తీసిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. హాలు బాగుంది, కిటికీలు పెద్దవి. వంటగదిలోకి వెళితే ఏమీ లేదు. గట్టు లేదు, సింకు లేదు, పొయ్యి లేదు. గోడలోంచి రెండు గొట్టాల కొసలు, ఒక కరెంటు తీగ బయటికి వచ్చి ఉన్నాయి, అంతే. ఎవరో ఊడబెరుక్కుని పోయారనుకుని భయపడ్డాను. అక్కడ చాలా చోట్ల వంటగది అద్దెకుండేవాళ్ల సొంత సామానట. ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకెళ్తారు, లేదా తర్వాత వచ్చేవాళ్లకి అమ్ముతారు. మూడు నెలల అద్దె డిపాజిట్టుగా కట్టి చేతులు ఖాళీ అయిన మాకు వంటగది కొనడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలు నేల మీద ఒకే ఒక్క కరెంటు ప్లేటు పెట్టుకుని, బాత్రూము కుళాయి దగ్గర బియ్యం కడిగి, అన్నం వండి దించి అదే ప్లేటు మీద పప్పు పెట్టేదాన్ని. పోపు వాసనకి పై అంతస్తు ముసలావిడ తలుపు తట్టింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఒక మడత బల్ల తెచ్చి ఇచ్చి, నేల మీద వండితే నడుం పడిపోతుందని సైగ చేసి వెళ్లిపోయింది. ఆ బల్ల పదేళ్లు మా ఇంట్లో ఉంది.

ఇలాంటివి ఏ మ్యాపులోనూ కనిపించవు. వీధి కనిపిస్తుంది, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆ వీధిలో నువ్వేం చేస్తుంటావో కనిపించదు. జర్మనీలో ఊరికి చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అది లేకపోతే పన్ను నంబరు రాదు, బ్యాంకు ఖాతాకీ తిప్పలే. ఇంటి యజమాని సంతకం లేకపోతే ఆ నమోదు కాదు. ఆదివారం కొట్లు మూత. రాత్రి పది తర్వాత మిక్సీ వేస్తే కింది వాళ్లకి కోపం. వాటికి అలవాటు పడతాం, పడ్డాక ఇష్టంగా కూడా ఉంటుంది. ఆదివారం కొట్లు మూసేసిన ఊరు ఎంత హాయిగా ఉంటుందో హైదరాబాదు నుంచి చూస్తే తెలియదు. అయితే ఆ అలవాటు పడే ఏడాదిన్నర చాలా పొడుగు.

ఇక పాప సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

మా బాబు 2003లో పుట్టాడు. జర్మనీ వెళ్లేసరికి తొమ్మిదేళ్లు. బవేరియాలో ప్రాథమిక బడి నాలుగేళ్లే. నాలుగో తరగతిలో మార్కులు చూసి పిల్లల్ని మూడు దార్లుగా విడదీస్తారు: యూనివర్సిటీకి నేరుగా వెళ్లే గిమ్నాజియుమ్, దాని కింద రియాల్‌షూలె, ఆ కింద మిట్టెల్‌షూలె. గిమ్నాజియుమ్‌కి జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు 2.33 లోపు ఉండాలి. అక్కడ 1 అంటే అత్యుత్తమం. మావాడు లెక్కల్లో 1, జర్మన్‌లో 4. ఊళ్లోకి వచ్చి ఏడాది అయిన పిల్లాడికి జర్మన్‌లో 4 రావడమే గొప్ప. కానీ సగటు సగటే. టీచరమ్మ మంచిదే, "పిల్లాడు తెలివైనవాడు, భాషకి టైము సరిపోలేదు" అని ఆవిడే అంది. అయినా చేతిలో పెట్టిన కాగితం మీద మిట్టెల్‌షూలె అని ఉంది. వాడు ఆ రాత్రి "నేను అంత తక్కువా అమ్మా?" అని అడిగాడు. తర్వాత రియాల్‌షూలెకి మారాడు, అది అయ్యాక ఫాఖోబర్‌షూలె అనే రెండేళ్ల బడి చదివి ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. దారి మూసుకుపోదు, చుట్టు తిరుగుతుంది అంతే. కానీ పదేళ్ల పిల్లాడి ముఖం మీద ఆ రోజు చూసింది నేను మర్చిపోలేదు. మా తప్పు ఏంటంటే, వెళ్లాలా వద్దా అని మేము మస్కట్‌లో మూడేళ్లు నాన్చాం. ఆరేళ్లప్పుడు వెళ్లి ఉంటే వాడు ఒకటో తరగతిలో మిగతా పిల్లలతో పాటే భాష నేర్చుకునేవాడు.

నీ పాపకి ఇప్పుడు ఆరు. భాష వేరైన దేశం అనుకుంటే నీకు రెండేళ్లు ఉన్నాయి, అంతకన్నా లేవు. ఇంగ్లీషు దేశాలకైతే ఇంకొంచెం వెసులుబాటు ఉంది.

మీ ఆవిడ గురించి నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం: "తనకి ఎక్కడైనా సరే." తమ్ముడూ, 1999లో నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను. మస్కట్‌లో నాది భర్త మీద ఆధారపడిన వీసా, దాని మీద ఉద్యోగం చేయకూడదు. కాకినాడలో నేను కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పి నెలకి మూడు వేలు తెచ్చుకునేదాన్ని. అక్కడ మావారు తెచ్చే రియాళ్లు ఎన్ని రెట్లు ఎక్కువైనా, చీపురు కొనడానికి కూడా ఆయన్ని అడగాల్సి రావడం నన్ను లోపల తినేసింది. ఆయన అడిగితే ఇవ్వని మనిషి కాదు. అడగాల్సి రావడమే బాధ. నాకంటూ వర్క్ వీసా ఇచ్చే కంపెనీ దొరికేసరికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లలో "ఎక్కడైనా సరే" అని ఎందుకన్నానా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

నీది సాఫ్ట్‌వేర్, ఎక్కడికైనా మోసుకెళ్లవచ్చు. దంతవైద్యం అలా కాదు. బీడీఎస్ పట్టా పట్టుకుని ఏ దేశం వెళ్లినా మొదటి రోజు ఆమె డాక్టరు కాదు. కెనడాలో జాతీయ దంతవైద్య పరీక్షల బోర్డు పెట్టే పరీక్షలు వరసగా రాయాలి, అందులో చేతిపని పరీక్ష కూడా ఉంటుంది. ఆస్ట్రేలియాలో డెంటల్ కౌన్సిల్ రాతపరీక్ష, ప్రాక్టికల్. న్యూజిలాండ్‌లోనూ పరీక్ష తప్పదు. జర్మనీలో ముందు బీ2 స్థాయి జర్మన్ (భాషా పరీక్షల మెట్లలో ఏ1 మొదటిది, సీ2 ఆఖరిది), తర్వాత రోగితో, తోటి డాక్టరుతో మాట్లాడే వైద్యభాష పరీక్ష, చదువులో తేడా ఉందంటే విషయ పరీక్ష కూడా. లిస్బన్‌లో పోర్చుగీసు రాకుండా పంటి మీద చెయ్యి వేయలేదు. ఎక్కడైనా రెండు మూడేళ్లు, బోలెడు ఫీజులు. ఆ రెండు మూడేళ్లు ఆమె చదువుకుంటుంటే పాపని బడి నుంచి తెచ్చేది ఎవరు, వంట ఎవరిది, జీతం ఒక్కటే అయితే అద్దె ఎలా? నీ కలలోని సాయంత్రపు నడకలో ఆమె ఎక్కడుంది? పాప చెయ్యి పట్టుకున్నానన్నావు, ఆమె గురించి రాయలేదు. తప్పుపట్టడం లేదు, మావారి కలలోనూ నేను లేను, అడిగితే ఒప్పుకున్నారు. హైదరాబాదులో ఆమెకి పేషెంట్లున్నారు, పేరుంది. అది వదిలి మళ్లీ విద్యార్థి అవడం ఆమెకి ఇష్టమేనా అన్నది ఆమె నోటితో, తీరిగ్గా, వంటింట్లో పని మధ్యలో కాకుండా చెప్పాలి.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే అవి మారుతుంటాయి. వెళ్లే ముందు ఆయా దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లోనే చూసుకో, ఏజెంటు మాట మీద అడుగు వేయకు.

నీకు ముఖ్యమైనది వయసు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి నిపుణులకి శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతి) భార్యతో కలిసి దరఖాస్తు చేస్తే 29 ఏళ్ల దాకా వయసుకి 100 పాయింట్లు. నీ 34కి 75. ఏడాదికి ఐదు చొప్పున జారి 39కి 50 అవుతుంది, 45కి సున్నా. ఆస్ట్రేలియాలో 33 నుంచి 39 దాకా 25 పాయింట్లు, 40 రాగానే 15, 45 నిండితే ఆ దారి మూత. న్యూజిలాండ్ కొంచెం దయగా ఉంది, నైపుణ్యం మీద శాశ్వత నివాసానికి 55 దాకా చూస్తారు, కానీ చేతిలో ఉద్యోగం ఉండాలి. జర్మనీలో ఉద్యోగం దొరికితే బ్లూ కార్డు, అంటే పెద్ద చదువున్న నిపుణులకి ఇచ్చే నివాస అనుమతి. బీ1 భాష ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగవచ్చు, ఏ1 మాత్రమే ఉంటే 27. బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్య లేదా భర్త వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. నాకు ఆ దేశం మీద గౌరవం కలిగింది అక్కడే. ఉద్యోగం లేకుండా వెళ్లి ఏడాది వెతుక్కోవడానికి 2024 జూన్ నుంచి ఆపర్చునిటీ కార్డు కూడా ఉంది. అమెరికా నువ్వు రాయలేదు, మంచిదే. ఒక్కో దేశానికి గ్రీన్ కార్డుల్లో ఏడు శాతం మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగుతుంది. మధ్యలో పిల్లలకి 21 నిండితే వాళ్లు ఆ క్యూలోంచి జారిపోయే ప్రమాదం ఉంది.

టాలిన్ గురించి ఒక పొరపాటు సరిచేయాలి. "ఈ-రెసిడెన్సీ తీసుకుంటే వెళ్లిపోవచ్చు కదా" అన్నావు. ఎస్టోనియా 2014లో మొదలుపెట్టిన ఆ కార్డు అక్కడ కంపెనీ నడుపుకోవడానికి ఇచ్చే డిజిటల్ గుర్తింపు. దానితో ఆ దేశంలో అడుగు పెట్టే హక్కు రాదు, ఉండే హక్కు రాదు. చాలామంది మనవాళ్లు డబ్బు కట్టాక తెలుసుకున్నారు.

అమ్మానాన్నల్ని తర్వాత తీసుకెళ్తానని రాశావు. అంత తేలిక కాదు. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల మామూలు వీసాకి వరస ముప్పై ఏళ్ల పైమాట అని అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. కెనడాలో సూపర్ వీసా మీద వస్తే ఒక్కసారికి ఐదేళ్ల దాకా ఉండవచ్చు, ఆరోగ్య బీమా మీరే కొనాలి. జర్మనీ 2024 మార్చి తర్వాత వచ్చిన నిపుణులకి తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వీలు కల్పించింది, కానీ 55 దాటినవాళ్లని ప్రభుత్వ బీమాలో దాదాపు చేర్చుకోరు, ప్రైవేటు బీమా దొరకడం గగనం. అన్నిటికన్నా ముందు, వాళ్లకి రావాలని ఉందా? మా నాన్నగారు న్యూరెంబర్గ్‌కి ఒకసారి వచ్చి మూడు నెలలు ఉందామనుకుని ముప్పై ఐదో రోజున వెళ్లిపోయారు. "పలకరించేవాడు లేడే అమ్మా, పేపరు లేదు" అన్నారు. 2021 మేలో ఆయన పోయినప్పుడు నేను ఆఖరి చూపు ఫోన్లోనే చూశాను. కరోనా రెండో ఉధృతి, టికెట్టు దొరకలేదు. దీన్ని నీకు భయం చెప్పడానికి రాయడం లేదు. వెళ్లేవాళ్లు ఇది కూడా ఒక లెక్క అని ముందే మనసులో వేసుకుని వెళ్లాలి, అప్పుడు తర్వాత తమని తాము నిందించుకోరు. నేను వేసుకోలేదు.

ఆయన కొబ్బరి తోట అరెకరం నా పేర రాయాలనుకున్నారు. విదేశంలో ఉంటున్నవాళ్లు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, బహుమతిగా కూడా తీసుకోకూడదు, వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకని గిఫ్ట్ దస్తావేజు మానేసి వీలునామా రాశారు. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అక్కడి పాస్‌పోర్టు తీసుకుంటే ఇక్కడిది వదులుకోవాలి, బదులుగా ఓసీఐ కార్డు వస్తుంది. దానితో రావచ్చు, ఉండవచ్చు, ఓటు లేదు, పొలం కొనడం లేదు. జర్మనీ 2024 నుంచి ఐదేళ్లకే పౌరసత్వం ఇస్తోంది, రెండోది ఉంచుకున్నా వాళ్లకి అభ్యంతరం లేదు. అభ్యంతరం మన వైపు నుంచే. నేను తీసుకోలేదు. మా బాబు తీసుకుంటున్నాడు, వాడి ఊరు అదే.

ఇంత చదివాక నేను వద్దంటున్నానని అనుకోకు. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నేను వెళ్లినందుకు చింత లేదు. నువ్వు అడిగిన దానికి నా అభిప్రాయం సూటిగా ఇది. నాలుగింటిలో టాలిన్ తీసేయ్. నీ ఒంటికి చీకటి సరిపడదనిపిస్తోంది, కొండాపూర్‌లో వానాకాలమే నీరసంగా ఉంటుందని నువ్వే రాశావు. లిస్బన్ సెలవుకి వెళ్లు. అక్కడి జీతాలతో అక్కడి అద్దెలు కట్టడం అక్కడివాళ్లకే భారంగా ఉంది. వెల్లింగ్టన్ నీ కలకి అన్నిటికన్నా దగ్గర, చిన్న ఊరు, రేవు చుట్టూ నడక బాట. కానీ ఇంటికి రావాలంటే విమానాలు మారుతూ రోజంతా ప్రయాణం, ఉద్యోగాలు తక్కువ. మీ ఆవిడ పరీక్షలకి సిద్ధమైతే కెనడాయే దారి, కాకపోతే వాంకూవర్ అద్దెకి భయపడి విక్టోరియా, హాలిఫాక్స్ కూడా చూడు, అవీ రేవులే. హాలిఫాక్స్ చలి వాంకూవర్ కన్నా చాలా గట్టిది, అది చూసుకో. జర్మనీ అనుకుంటే హాంబుర్గ్, కీల్ ఉన్నాయి. కానీ ఈ రోజే ఇద్దరూ భాషా తరగతిలో చేరితేనే.

నీ జాబితాలో లేని రేవు ఒకటి చెబుతాను, పోర్ట్ లూయీ. కోరంగి ఓడ వెళ్లిన చోటే. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు, బడుల్లో తెలుగు చెబుతారు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. జీవితాంతం అక్కడే ఉండమని కాదు, నీ స్థాయి ఉద్యోగాలు అక్కడ కొద్దిగానే ఉంటాయి. కానీ వేరే దేశపు కంపెనీకి దూరం నుంచి పనిచేసేవాళ్లకి వాళ్లు ఏడాది ప్రీమియం వీసా ఇస్తున్నారు. నీ కంపెనీ ఒప్పుకుంటే, పన్ను లెక్క ఆడిటరు దగ్గర చూసుకుని, ఒక్క మూడు నెలలు అక్కడుండి రా. నీళ్ల పక్కన నడక నీకు నిజంగా ఎంత కావాలో అక్కడ తెలుస్తుంది. కంపెనీ ఒప్పుకోకపోతే ఆ మూడు నెలలు కాకినాడలో మీ అమ్మగారింటి నుంచి పనిచెయ్యి, సాయంత్రం పాపని బీచికి తీసుకెళ్లు. ఇది విదేశానికి బదులుగా చెప్పడం లేదు. సముద్రం, నడక, ఆరింటి తర్వాత మోగని ఫోను, ఈ మూడింటిలో నీకు లోటు ఏదో ముందు తేలాలి. ఫోనే అయితే ఉద్యోగం మారితే సరిపోవచ్చు.

ఇవన్నీ రేపటి సంగతులు. ఈ రాత్రి ఒకటి చెయ్యి. పాప పడుకున్నాక లైటు ఆర్పకుండా ఫోన్లో మ్యాపు తెరిచి మీ ఆవిడ చేతికివ్వు. నీ నాలుగు ఊళ్ల పేర్లూ ఎత్తకు. తను ఏ ఊరు వెతుకుతుందో, అందులో ముందుగా ఏం చూస్తుందో, ఇల్లా, క్లినిక్కా, బడా, పక్కన కూర్చుని చూసి నాకు రాయి. అప్పుడు మిగతాది చెబుతాను.